యాన్యువల్ డే పాటతో సరిపెట్టకండి

నెల్లూరు జిల్లాలోని ప్రైవేటు, ప్రభుత్వ పాఠశాలల కరస్పాండెంట్లకు, ప్రిన్సిపాళ్ళకు, హెడ్మాస్టర్లకు నమస్కారం.

వచ్చే విద్యా సంవత్సరానికి టైం టేబుళ్ళు వేసుకునే రోజులివి. ఏ క్లాసుకు ఎన్ని లెక్కల పీరియడ్లు, ఫౌండేషన్ కోర్సు ఏ గంటకు, గేమ్స్ పీరియడు ఉంచాలా తీసెయ్యాలా అని మీరు కూర్చుని తేల్చుకునే సమయం. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. డిసెంబరులో రాస్తే చదివే తీరిక మీకు ఉండదు, అప్పటికి యాన్యువల్ డే హడావిడి మొదలైపోతుంది.

నేను నెల్లూరులో కూచిపూడి నేర్పే టీచర్ని. సాయంత్రాలు ఇంట్లో క్లాసులు చెబుతాను. మీలో కొందరు పిలిస్తే మీ బడులకు వచ్చి పిల్లలకు నాట్యం నేర్పాను కూడా. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా మీ బడిలో ఉన్న పిలకాయలందరికీ, స్టేజీతో సంబంధం లేకుండా, ఐదారు రకాల నాట్యాలు పరిచయం చేయండి. ముందు చూపించండి. తర్వాత కొన్ని వారాలు వాళ్ళ కాళ్ళతో, వాళ్ళ చేతులతో చేసి చూసుకోనివ్వండి. ఆ తర్వాత ఎవరికి ఏది నచ్చితే అది నేర్చుకుంటారు. ఏదీ నచ్చని పిల్లలూ ఉంటారు, వాళ్ళను వదిలేయండి. కానీ ఏమేం ఉన్నాయో చూడకముందే వాళ్ళ తరఫున మనం తేల్చెయ్యడం మాత్రం న్యాయం కాదు.

ఇప్పుడు జరుగుతున్నది మీకు తెలియంది కాదు. సంక్రాంతికి అటో ఇటో తేదీ ఖాయమవుతుంది. డాన్స్ మాస్టర్ని మాట్లాడతారు. ఆయనకు క్లాసుకో పాట, చేతిలో ఉండేది రెండు వారాలు. ఆ ఏడాది హిట్టయిన పాటలు తీసుకుని, ఫోన్లో వీడియో చూసుకుంటూ స్టెప్పులు చూపిస్తాడు. తొందరగా పట్టుకున్నవాళ్ళు ముందు వరస. కాస్త తెల్లగా, చూడ్డానికి ముద్దుగా ఉన్నవాళ్ళు కూడా ముందు వరసే. ఈ మాట రాయడం కష్టంగా ఉంది, కానీ మీరూ చూస్తున్నారు, నేనూ చూస్తున్నాను. మాస్టర్ని తప్పుపట్టి లాభం లేదు. అంత తక్కువ టైములో, అన్ని క్లాసులకు, వీడియో బాగా రావాలన్న ఒత్తిడిలో ఎవరు చేసినా అంతే.

ఈసారి ప్రోగ్రాం జరిగేటప్పుడు వెనక వరసలో చివర నిలబడ్డ పాపను గమనించండి. ఆ పాప పాట వినదు. ముందున్న పిల్ల చెయ్యెత్తితే తనూ ఎత్తుతుంది, అర క్షణం ఆలస్యంగా. చూపు ఎప్పుడూ పక్కవాళ్ళ మీదే. పాట అయ్యేదాకా తప్పు చేస్తానేమో అన్న టెన్షన్ తప్ప ఇంకేమీ ఉండదు. సాయంత్రం ఐదున్నరకు మేకప్ వేయించుకుని, వీఐపీల ప్రసంగాలన్నీ అయ్యాక రాత్రి పదికి స్టేజీ ఎక్కే పిల్ల నిద్రకళ్ళతో ఏం ఆడుతుంది? మర్నాడు డ్రెస్సు అద్దె షాపుకు వెళ్ళిపోతుంది. పాప మాత్రం తనకు డాన్స్ రాదని తేల్చేసుకుంటుంది. అట్టా చిన్నప్పుడే తేల్చేసుకున్న తల్లులు నా దగ్గరికి వస్తుంటారు, కూతురి చెయ్యి పట్టుకుని, 'నాకైతే రాలేదు టీచర్, దీనికైనా నేర్పండి' అంటూ.

ఇక ఆ వెనక వరసలో కూడా చోటు దొరకని పిల్లల సంగతి. క్లాసులో నలభై మంది ఉంటే పాటలో ఉండేది పదహారు మంది, ఇరవై మంది. మిగిలినవాళ్ళు కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొడతారు. బడిలో నాట్యం అనేది ఆ పిల్లల ఒంటికి ఒక్కరోజు కూడా తగలకుండానే చదువు అయిపోతుంది.

సినిమా పాటల మీద నాకు కోపం లేదు. మన పాత సినిమాల్లో నృత్యాలు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తి గారు, వెంపటి పెదసత్యం గారు కూచిపూడి నుంచి వెళ్ళినవాళ్ళే. పండక్కి ఇంట్లో పాట పెట్టుకుని పిలకాయలు గంతులేస్తే ఎంత బాగుంటుందో చెప్పక్కర్లేదు. నా బాధల్లా పిల్లలు చూసేది అదొక్కటే కావడం. అందులోనూ పెద్దవాళ్ళ కోసం తీసిన పాటలు, ద్వంద్వార్థాలున్న సాహిత్యం, ఆరేళ్ళ పిల్ల చేత నడుము తిప్పించడం. రికార్డింగ్ డాన్సులంటే ముఖం చిట్లించే మనమే బడి స్టేజీ మీద అవే కదలికలకు విజిల్స్ వేస్తుంటే ఆ పిల్లకు ఏం అర్థం కావాలి?

రకరకాల నాట్యాలు పరిచయం చేయడమంటే ఎట్టా ఉంటుందో చెబుతాను. దానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెడుతూ పిల్లల చేత చప్పట్లు కొట్టించండి. ఆదితాళానికి ఉండేది ఆ ఎనిమిదే. తాళం నిలబడ్డాక, అదే ఎనిమిది మీద నేను కూచిపూడి అడుగు వేసి చూపిస్తాను. మడమలు దగ్గర, పాదాలు పక్కలకు, మోకాళ్ళు వంచి అరమండి. కాలెత్తి నేలను తట్టినప్పుడు ఒళ్ళంతా చిన్నగా పైకి లేచి దిగుతుంది. కూచిపూడిలో ఆ ఎగురు ఉంటుంది. పిల్లలకు అది భలే ఇష్టం.

తర్వాత అదే ఎనిమిదికి కథక్. ఇక్కడ మోకాళ్ళు వంగవు. నిటారుగా నిలబడి, అరికాలు మొత్తం నేలకు ఆనేలా 'తా థై థై తత్, ఆ థై థై తత్' అని కొట్టాలి. కథక్ కళాకారులు ఒక్కో కాలికి వంద దాకా మువ్వలు కట్టుకుంటారని చెప్పి, ఆ మువ్వల చప్పుడు వినిపించండి. వెంటనే మణిపురి చూపించండి. అందులో కాలికి మువ్వలుండవు, అడుగు నేలను తాకినట్టే వినపడకూడదు. అప్పటిదాకా ధనధనా కాళ్ళు కొట్టిన పిల్లలను ఇప్పుడు చప్పుడు లేకుండా ఎనిమిది అడుగులు వేయమనండి. గదిలో ఎవరూ చెప్పకుండానే నోళ్ళు మూతపడతాయి. క్లాసును సైలెంటుగా ఉంచడానికి నానా తంటాలు పడే టీచరమ్మలు ఇది ఒకసారి చూడాలి.

ఒడిస్సీలో త్రిభంగి చేయించండి. తల ఒక వైపు, ఛాతీ ఇంకో వైపు, నడుము మళ్ళీ తల వైపు. గుడి గోడ మీది శిల్పం ఎట్టా నిలబడిందో అట్టా. కథకళి కళాకారుడు పాదం బయటి అంచు మీద బరువు పెట్టి నిలబడతాడని చెప్పి చేసి చూడమంటే రెండు నిమిషాలు కూడా నిలవలేక పడిపోతూ నవ్వుకుంటారు. ఆ తర్వాత కథకళి వీడియో పెడితే ఇక వాళ్ళు చూసే తీరే మారిపోతుంది, ఆయన అట్టా గంటల తరబడి ఎట్టా నిలబడ్డాడా అని. అరకు వైపు ఆడే థింసాలో ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు కలుపుకుని గొలుసులా కదులుతారు. దాంట్లో ఒక్కరు గొప్పగా ఆడి లాభం లేదు, అందరూ ఒకే అడుగులో ఉండాలి. ముందు వరస, వెనక వరస అన్న మాటే ఉండదు.

ఇట్టా నాలుగైదు చూపించేసరికి ఎవరి ఒంటికి ఏది సరిపోతుందో కనపడిపోతుంది. మా వీధి పిల్లలతో చేసినప్పుడు, అరమండి ఎంత చెప్పినా కుదరని ఒక పాప థింసా వరసలో ఒక్క అడుగు తప్పలేదు. పక్క మనిషి చెయ్యి తగిలితే ఆ పిల్లకు ధైర్యం వస్తుంది. చేతివేళ్ళతో ముద్ర పట్టమంటే సిగ్గుపడి పారిపోయిన ఒక పిలగాడు కథక్ పాదాల పని దగ్గర అతుక్కుపోయాడు. ఎనిమిది అయ్యాక పదహారు, పదహారయ్యాక రెట్టింపు వేగం. వాళ్ళమ్మ పిలిచినా వెళ్ళడు. ఇంకో పాపకు అడుగుల మీద ధ్యాసే లేదు, కథ కావాలి. కృష్ణుడు వెన్న దొంగిలించినప్పుడు యశోద ముఖం ఎట్టా పెట్టిందో చూపించమంటే నాకంటే బాగా చేసింది. ఈ ముగ్గురినీ తెచ్చి ఒకే పాటకు ఒకే స్టెప్పులో నిలబెడితే ముగ్గురూ మామూలు పిల్లల్లానే కనపడతారు.

మన తెలుగువాళ్ళవే ఎన్ని ఉన్నాయో మన పిల్లలకు తెలియదు. శాస్త్రీయ నాట్యం అంటే కూచిపూడి, మద్రాసు దగ్గర గనక మనకు భరతనాట్యం, అంతవరకే తెలుసు. ఒకప్పుడు గుళ్ళల్లో, మేజువాణీల్లో (పెళ్ళిళ్ళప్పుడు పెట్టే ఆటపాటల్లో) కళావంతులు, అంటే దేవదాసీ కుటుంబాల ఆడవాళ్ళు, ఆడిన ఆట ఒకటుంది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆడపిల్లలను ఆ వ్యవస్థకు అంకితం చేయడం ఆగిపోవడం ఎంతో మంచిది. కానీ ఆ ఆట తెలిసిన తల్లులు కూడా మూలనపడ్డారు. నటరాజ రామకృష్ణ గారు అటువంటి కళాకారిణుల దగ్గరకు వెళ్ళి, వాళ్ళకు తెలిసింది పోగుచేసి ఆంధ్రనాట్యం పేరుతో మళ్ళీ నిలబెట్టారు. స్వప్నసుందరి గారు ఆ సంప్రదాయాన్నే విలాసినీ నాట్యంగా ముందుకు తెచ్చారు. కాకతీయుల కాలంలో జాయప సేనాని రాసిన నృత్త రత్నావళి అనే నాట్య గ్రంథాన్నీ, రామప్ప గుడి శిల్పాలనూ దగ్గర పెట్టుకుని పేరిణి శివతాండవాన్ని లేవదీసిందీ నటరాజ రామకృష్ణ గారే. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని మీ పిల్లలు జీకేలో బట్టీపడతారు. ఆ గుడి శిల్పాల్లోంచి ఒక నాట్యం లేచి నడిచిందని కూడా చెబితే ఆ బిట్టు జన్మలో మరిచిపోరు.

ఇక మన జిల్లాలో, మన పల్లెల్లో ఉన్నవాటి గురించి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీకు ఖర్చు లేకుండా దొరికేది ఇక్కడే. దసరాకు అపార్టుమెంట్లలో దాండియా పెడుతున్నారు. సంతోషం. దాండియాతో పాటు ఆడే గుజరాత్ గర్బాకు 2023లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది, ఆ ఆటలు మన పిల్లలకు రావడం మంచిదే. కానీ అదే పిల్ల అమ్మమ్మగారి ఊళ్ళో, బ్రహ్మోత్సవాలకు రథం ముందు ఆడే కోలాటం ఆ పిల్లకు తెలియదు. రెండూ పక్కపక్కన చూపించండి. కర్ర ఎక్కడ తగులుతుంది, అడుగు ఎక్కడ తిరుగుతుంది, వలయం ఎటు కదులుతుంది అని వాళ్ళే తేడాలు చెబుతారు.

కోలాటంలో జడకోలాటం అని ఒకటుంది. పైన మధ్యలో కట్టిన తాళ్ళు ఒక్కొక్కరి చేతికి ఒకటి వస్తాయి. సగం మంది ఇటు నుంచి, సగం మంది అటు నుంచి, ఒకరి లోపలి నుంచి ఒకరు, ఒకరి బయటి నుంచి ఒకరు దాటుకుంటూ ఆడుతుంటే పైన తాళ్ళన్నీ జడలా అల్లుకుపోతాయి. గురువు ఈల వేస్తాడు. అంతే, అందరూ వెనక్కి తిరిగి అవే అడుగులు తిరగేసి వేస్తే జడ మొత్తం విడిపోతుంది. ఒక్కరు ఒక్కచోట లోపలికి బదులు బయటి నుంచి దాటినా తాడు ముడిపడి ఆగిపోతుంది. ఎక్కడ తప్పామో వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళాలి. లెక్కల మాస్టారు పక్కన నిలబడి చూస్తే చెప్పడానికి బోలెడుంటుంది. దీనికి కావలసింది రంగుల తాళ్ళు, ఒక గుంజ, కోలలు. నేర్పేవాళ్ళు మీ ఊళ్ళోనే ఉన్నారు. ఇప్పుడు ఊరూరా ఆడవాళ్ళ కోలాటం బృందాలున్నాయి, మీ బడిలో చదివే పిల్లల తల్లులే అందులో ఆడుతున్నారు. వాళ్ళను బడికి పిలిచి టీచర్ల కుర్చీలో కూర్చోబెట్టండి. తన తల్లిని టీచరుగా చూసిన పిల్ల సంబరం ఎట్టా ఉంటుందో మీరే చూస్తారు.

చెక్కభజన కూడా అంతే. చేతిలో చెక్కల తాళం, కాలు వేగం, నోట పాట, మూడూ ఒకేసారి నడవాలి. పెద్ద పిల్లలకు, ముఖ్యంగా ఒక్కచోట నిలవని పిలగాళ్ళకు ఇది బాగా పడుతుంది. సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ తిరిగే అడుగు, యానాదుల ఆటపాటలు, నల్లమలలో చెంచుల ఆట, వీటిని తెలిసినవాళ్ళ నోటే, వాళ్ళ కాళ్ళతోనే చూపించాలి. వీడియో పెట్టి మనం వ్యాఖ్యానం చెబితే సరిపోదు.

డప్పు గురించి ఒక సంగతి చెప్పాలి. ఒక బడిలో యాన్యువల్ డేకు డప్పు పాట పెట్టారు. అట్టతో చేసిన డప్పులు, మెరుపు కాగితాలు, స్పీకర్లోంచి శబ్దం. ఆ పాటలో ఆడుతున్న ఒక బాబు తాత నిజంగానే డప్పు కళాకారుడు. ఆ రోజు ఆయన మనవణ్ణి చూడ్డానికి వచ్చి చివరి కుర్చీల్లో కూర్చున్నాడు. ప్రాక్టీసులో మాస్టరు పిల్లలకు డప్పు పట్టుకునే తీరు కూడా తప్పు చూపించాడు. ఆ బాబుకు అది తప్పని తెలుసు, కానీ చెప్పలేదు. ఇంట్లో డప్పు ఉందని క్లాసులో తెలియడం వాడికి ఇష్టం లేదు. ఎందుకు ఇష్టం లేదో నేను విడమరచి చెప్పక్కర్లేదు, మీకూ తెలుసు.

ఆ తాతను పిలిచి ఉంటే ఏం జరిగేది? ముందు మంట వేసి డప్పును కాచేవాడు. చర్మం బిగిసేదాకా వేలితో తట్టి చూస్తూ ఉండేవాడు. కుడిచేతిలో చిర్ర అనే కర్ర, ఎడమచేతిలో సన్నటి పుల్ల పట్టుకుని ఒక దరువు వేసి, అదే దరువులో అడుగు వేసేవాడు. పెళ్ళికి ఒక దరువు, జాతరకు ఒక దరువు, చావుకు ఒక దరువు. అది విన్న పిల్లల్లో ఆయన మనవడు ముందుకొచ్చి నిలబడేవాడని నా నమ్మకం. బడి గౌరవిస్తేనే పిల్లలు గౌరవిస్తారు. నాట్యం పేరు చెప్పి కొన్ని కులాల కళలను స్టేజీ మీదికీ, కొన్నింటిని వీధిలోకీ పంచిపెట్టడం మనం బడిలోనైనా మానేయాలి. శాస్త్రీయ నాట్యం నేర్పే మనిషిగా ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను.

మగపిల్లల సంగతి. 'మగపిల్లాడికి డాన్సేంది టీచర్, క్రికెట్‌కు పంపిస్తాం' అంటారు. కూచిపూడి మేళాల్లో ఆడవేషాలు కూడా మగవాళ్ళే వేసేవాళ్ళు. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ గారే గుర్తుకొచ్చేంతగా ఆయన ఆ పాత్రలో జీవించారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడి ఆడపిల్లల చేతికి రావడమే ఆలస్యంగా జరిగింది. దానికి వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి లాంటి పెద్దలు పూనుకోవాల్సి వచ్చింది. అయినా క్లాసులో మగపిల్లలకు శర్మగారి పేరొక్కటే చెబితే పని జరగదు. వాళ్ళకు పేరిణిలో వీరావేశం చూపించండి, బ్రేకింగ్, అంటే బ్రేక్ డాన్స్, చూపించండి.

అవును, బ్రేకింగ్ కూడా. 1970ల్లో న్యూయార్కులోని బ్రాంక్స్ అనే పేదల ప్రాంతంలో నల్లజాతి, లాటిన్ కుటుంబాల కుర్రాళ్ళు వీధుల్లో మొదలుపెట్టిన ఆట అది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో దానికి పోటీ పెట్టి పతకాలిచ్చారు. మీ బడి వరండాలో ఇంటర్వెల్లో చేతుల మీద తిరగబోయి దెబ్బలు తింటున్న పిల్లలను తిట్టే బదులు, చాప వేసి, తెలిసిన మాస్టరును పెట్టి, మెడ ఎట్టా కాపాడుకోవాలో నేర్పించండి. వెస్టర్న్ అంటే చెడ్డది, క్లాసికల్ అంటే మంచిది అన్న లెక్క నాకు లేదు. పిల్లల వయసుకు తగిందా, ఒంటికి మేలు చేస్తుందా, ఆ ఆట ఎవరిది, ఎక్కడిది అని చెప్పి నేర్పుతున్నామా, ఇవీ నేను చూసేవి.

నాతోటి గురువులు కొందరు దీనికి ఒప్పుకోరని తెలుసు. అన్నీ కలిపేస్తే కలగాపులగం అవుతుంది, ఏదీ రాదు అంటారు. వాళ్ళ భయంలో నిజం ఉంది. గజ్జెపూజ చేసి ఒక గురువు దగ్గర కూర్చున్నాక ఏళ్ళ తరబడి ఆ ఒక్క బాణీలోనే ఉండాలి. కూచిపూడి అడుగులో భరతనాట్యం బిగువు, దాంట్లో మళ్ళీ సినిమా నడక కలిపి ఆడితే నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ నేను మాట్లాడేది గురువు దగ్గర కూర్చోకముందు సంగతి. పెళ్ళికి ముందు నాలుగు సంబంధాలు చూస్తాం, పెళ్ళయ్యాక చూడం. ఆరేడేళ్ళప్పుడు నాలుగు రకాలు చూసి, పదేళ్ళకు ఒకటి ఎంచుకున్న పిల్ల మధ్యలో మానేయదని, ఇన్నేళ్ళుగా నేర్పుతున్న అనుభవంతో చెబుతున్నాను. అమ్మకు ఇష్టమని చేరిన పిల్లలే తొమ్మిదో తరగతికి రాగానే గజ్జెలు అటక మీద పెట్టేది.

తల్లిదండ్రులు చదువు పోతుందంటారు. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు సగటున గంటసేపైనా ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బస్సులో గంట, బెంచీ మీద ఏడెనిమిది గంటలు, ట్యూషన్లో రెండు గంటలు కూర్చునే పిల్లలకు ఆ గంట ఎక్కడుంది? వారానికి ఒక్క నాట్యం పీరియడుతో ఆ లోటంతా తీరదు, కానీ గ్రౌండు లేని బడుల్లో అదైనా దక్కుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కళలను చదువు నుంచి విడదీసి చూడొద్దని రాసింది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు పుస్తకాల సంచీ లేని రోజులు పెట్టమంది. కాబట్టి పై ఆఫీసులు ఒప్పుకోవేమో అన్న బెంగ మీకు అక్కర్లేదు.

కొన్ని ఇళ్ళల్లో నాట్యం వద్దంటారు. వాళ్ళ ఆచారం కావచ్చు, ఆడపిల్ల విషయంలో భయం కావచ్చు. వాళ్ళ మాట మన్నించండి, బలవంతం వద్దు. ఆ పిల్లలు తాళం వేస్తారు, దరువు వాయిస్తారు, జడకోలాటంలో తాళ్ళు అల్లుకుంటున్న తీరు చూసి తప్పు ఎక్కడ జరిగిందో చెబుతారు. అట్టా చేసినా వాళ్ళు ఆ గదిలో భాగమే. కాలు సరిగా లేని పిల్లలు చేతులతో, ముఖంతో ఆడతారు, అభినయం సగం అక్కడే ఉంది. వినపడని పిల్లల పాదాలకు చెక్క బల్ల మీద డప్పు దరువు అదురులా తెలుస్తుంది. ఎవరినీ పక్కన కూర్చోబెట్టాల్సిన అవసరం లేదు.

భద్రత గురించి మొహమాటం లేకుండా రాస్తున్నాను. నేర్పే మనిషి ఎవరైనా, ఎంత పేరున్నవాళ్ళైనా, గది తలుపు తెరిచే ఉండాలి, బడి టీచరమ్మ ఒకరు గదిలో ఉండాలి. భంగిమ సరిచెయ్యాలంటే నోటితో చెప్పాలి, చేసి చూపించాలి. తాకాల్సి వస్తే పిల్లను అడిగి తాకాలి. వద్దంటే వద్దు. నేల గ్రానైటు అయితే చాపలైనా, చెక్కయినా వెయ్యండి. గట్టి నేల మీద కాళ్ళు కొట్టిస్తే మోకాళ్ళు, మడమలు దెబ్బతింటాయి. చిన్నపిల్లలను అరమండిలో పూర్తిగా కూర్చోమని తొక్కిపట్టొద్దు. మోకాలు పాదం వేళ్ళు చూసే వైపే చూడాలి, ఎంత వంగితే అంతే. ఎండాకాలం ఆరుబయట సిమెంటు మీద వట్టికాళ్ళతో ప్రాక్టీసు అసలే వద్దు. రికార్డుల కోసం వందల మందిని ఎండలో గంటల తరబడి నిలబెట్టే కార్యక్రమాలకు మీ పిల్లలను పంపే ముందు, నీళ్ళు ఎక్కడున్నాయి, నీడ ఎక్కడుంది, ఎంతసేపు నిలబెడతారు అని అడగండి.

మనుషులు ఎక్కడ దొరుకుతారని అడుగుతారు. కూచిపూడి, భరతనాట్యం నేర్పేవాళ్ళు నెల్లూరులో, కావలిలో ఉన్నారు. కోలాటం, చెక్కభజన, డప్పు మీ ఊళ్ళలోనే ఉన్నాయి. కథక్, ఒడిస్సీ, మణిపురి లాంటివి మనకు దగ్గర్లో లేకపోతే స్మార్ట్ బోర్డు మీద మంచి కళాకారుల ప్రదర్శన పది నిమిషాలు చూపించి, అడుగు వరకు మాలాంటివాళ్ళం చేయించగలం. 1977లో ఐఐటీ ఢిల్లీ ఆచార్యులు కిరణ్ సేఠ్ గారు మొదలుపెట్టిన స్పిక్ మెకే సంస్థ కళాకారులను విద్యాలయాలకు పంపి ప్రదర్శనలు ఇప్పిస్తుంది, వాళ్ళకు రాసి చూడండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్టీ టీచర్లకు కళల్లో శిక్షణ ఇస్తుంది, దాని ప్రాంతీయ కేంద్రం ఒకటి హైదరాబాదులో ఉంది. కళలు నేర్చుకుంటున్న పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు స్కాలర్‌షిప్పు కూడా ఇస్తుంది. పెద్ద తరగతులకు 2015 నుంచి కళా ఉత్సవ్ పోటీలు జరుగుతున్నాయి, అందులో జానపదానికీ చోటుంది. మీ బడి నుంచి ఒక్క పిల్ల వెళ్ళినా మిగతావాళ్ళకు దారి తెలుస్తుంది.

టైం టేబుల్ ఖాయం చేసేలోగా ఒకటి నుంచి ఐదు తరగతులకు వారానికి ఒక్క పీరియడు రాసుకోండి. ఆగస్టు దాకా కోలాటం, కూచిపూడి. దసరా దాకా థింసా, దాండియా. ఆపైన సంక్రాంతి దాకా డప్పు, కథక్, బ్రేకింగ్. మీకు వీలైన వరస మీరు పెట్టుకోండి. ఆ పీరియడుకు మార్కులు వద్దు, డ్రెస్సు వద్దు, ఫోన్లో వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం వద్దు. మొదటి ఏడాది ఆ పీరియడును యాన్యువల్ డే ప్రాక్టీసుకు వాడుకోనని డాన్స్ మాస్టరుకూ, మీకు మీరూ మాట ఇచ్చుకోండి. యాన్యువల్ డే మీరు ఎట్టా జరుపుకున్నా నాకు అభ్యంతరం లేదు. పిల్లలు మాత్రం పదింటికల్లా ఇంట్లో నిద్రపోయేలా చూడండి చాలు.

డప్పు తాతలకూ, కోలాటం తల్లులకూ ఉత్త శాలువా కప్పి పంపకండి. లెక్కల టీచరుకు ఇచ్చినట్టే గంటకు ఇంతని ఇవ్వండి. నా వరకు, నెల్లూరు చుట్టుపక్కల ఏ బడి పిలిచినా మొదటి నెల ఫీజు తీసుకోను. ప్రభుత్వ బడులకు ఏడాదంతా తీసుకోను. నేను వచ్చేసరికి ఒక గది ఖాళీ చేసి, బెంచీలు గోడవారకు జరిపించి, ఒక చాప, తాగేందుకు నీళ్ళు పెట్టించండి. ఇంకేమీ అక్కర్లేదు. పిల్లలు ఎంతమందయినా ఫర్వాలేదు, కానీ క్లాసు మొత్తం రావాలి. ఏరి పంపించవద్దు.

ఇట్లు,
నెల్లూరులో కూచిపూడి నేర్పే ఒక టీచరు